కూలిన ఇంటికి పన్ను కట్టి, సూరత్‌లో ఇల్లు అడిగాం

నేను సూరత్ వెళ్లింది చీరలు కొనడానికి కాదు. రైల్లో అడిగిన ప్రతివాళ్లూ అదే అనుకున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. అక్కడి డిండోలి బస్తీలో ఉంటూ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మా తమ్ముడు రవికి పేదల ఇళ్ల పథకం లాటరీలో పేరు వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా కిరాయి గదిలో బతుకుతున్నవాడికి ఒక చిన్న ఫ్లాట్. కాకపోతే, ఇంకెక్కడా సొంత ఇల్లు లేదని కాగితం చూపాలి. మా ఊళ్లో బాపు కట్టిన ఇల్లు ఎప్పుడో కూలిపోయి, వీధివైపు గోడ ఒక్కటే మిగిలింది. ఆ సంగతి రాసిన సర్టిఫికెట్ కోసం నేనుండే కరీంనగర్ నుంచి ఊరి పంచాయతీకి మూడుసార్లు తిరిగాను. పోస్టులో పంపితే ఎక్కడ పోతుందోనని నేనే మోసుకుని బయల్దేరాను.

పొద్దున బస్సులో సికింద్రాబాద్ చేరి, మధ్యాహ్నం రైలెక్కితే మర్నాడు ఉదయానికి సూరత్. స్లీపర్‌కి ఐదు వందల పైచిలుకు అయింది. రైలు రెండు గంటలు ఆలస్యం. పేపర్లు చూపాల్సింది ఆ రోజే కాబట్టి ఆ రెండు గంటలూ నా ప్రాణం కొట్టుకుంది. స్టేషన్ బయట డిండోలికి ఒంటరిగా ఆటో మాట్లాడితే రెండు వందల యాభై అడిగారు, షేర్ ఆటోలో ముప్పైతో పోయింది. ఎందుకొచ్చానో చెబితే ఆటో అతను వెనక్కి తిరిగి మరీ చూశాడు. "మీవాళ్లది అదృష్టం బెన్. నేను నాలుగుసార్లు ఫారం నింపాను, నాలుగుసార్లూ రాలేదు" అన్నాడు హిందీలో. బెన్ అంటే అక్కడ అక్క. నాకు కాస్త గర్వంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

గదిలో మా మరదలు సుజాత వేడివేడి సర్వపిండి పెట్టింది. కడుతున్న ఫ్లాట్లను ఆమె అప్పటికే రెండుసార్లు వెళ్లి చూసొచ్చింది. మంచం ఎటు వేయాలో కూడా అనుకుంది. "పదకొండు నెలలకోపారి సామాను గట్టుడు, ఇంకో అర్ర ఎతుకుడు. గిదే అయింది వదినె నా బతుకు. ఈపారి ఓనరు మల్లా ఖాళీ చెయ్యిమంటుండు" అంది.

పదకొండింటికి ముగ్గురం ఇళ్ల పథకం ఆఫీసులో వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. గుమాస్తా నేను తెచ్చిన ఇంగ్లిష్ సర్టిఫికెట్ చదివి తలూపాడు, స్టాంపు కూడా చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు మా తమ్ముడు సంచిలోంచి ఒక ఫైలు తీసి అతని ముందు పెట్టాడు. పన్నెండేళ్ల ఇంటి పన్ను రసీదులు! ఎవరూ అడగలేదు. తాను ఒక్క ఏడూ బాకీ పడని మనిషినని సర్కారుకు తెలియాలట. దసరాకు ఊరొచ్చినప్పుడల్లా ఆ గోడకు పన్ను కట్టిపోతున్నాడని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"ఇల్లే లేకపోతే ఈ పన్ను దేనికి భాయ్?" అని అడిగాడు గుమాస్తా. అడగడా మరి! స్టాంపు పక్కన పెట్టేశాడు. ఊరి రిజిస్టరులో ఇంటి నంబరు కొట్టేయించుకుని పది రోజుల్లో రావాలన్నాడు, లేదంటే ఫ్లాటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్లకు పోతుందన్నాడు.

బయటికొచ్చి పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేశాను. "ఇల్లు లేదని మీరే రాసిచ్చారు, పన్నేమో మీరే తీసుకుంటున్నారు, ఇదేం లెక్క సార్?" అన్నాను. "సర్టిఫికెట్ వేరే, పన్ను రిజిస్టర్ వేరే మేడం. కట్టేటోళ్లను మేమెందుకు తీసేస్తం? కట్టేటోళ్లే ఊళ్లె సగం మంది లేరు. నంబరు తీసెయ్యుమని మీ తమ్మునితోని దరఖాస్తు రాయించుకొని రాండ్రి" అన్నాడు తాపీగా. నాకు ఒళ్లు మండిపోయింది.

టీ బండి దగ్గర కాగితం ముందు పెడితే తమ్ముడు కలం ముట్టుకోలేదు. "నంబరు తీసేస్తే ఊళ్లె నేను ఎవన్ని అక్కా? ఈడ అడిగితే తెలంగాణోడంటరు. ఆడ ఆ రసీదొక్కటే గదా నా పేరున్నది" అన్నాడు.

"పద్దెనిమిదేండ్లు కిరాయి గట్టినం, గా గోడకు పన్ను గట్టినం. మనదన్న గోడ ఎనకాల ఒక్క దినమన్న పండుకున్నమా?" అంది సుజాత. ఆమె గొంతు పెంచలేదు, టీ కూడా తాగలేదు.

చివరికి వాడు కలం అందుకుని రాయడం మొదలుపెట్టాడు. తెలుగు రాసి ఏళ్లయింది, అక్షరాలు వంకరగా పడ్డాయి. యజమాని తండ్రి పేరు అన్నచోట ఆగిపోయాడు. "బాపు పేరు నువ్వు రాయి అక్కా. ఆయన కట్టిన ఇల్లు లేదని నా చేత్తోని నేను రాయలేను" అన్నాడు. నేనే రాశాను. కింద వాడు సంతకం పెట్టాడు.

నాకింకా కోపం తగ్గలేదు. తమ్ముడి మీద కొంత, ముందే అడగనందుకు నా మీద కొంత, మిగతాదంతా సర్టిఫికెట్ వేరే, రిజిస్టర్ వేరే అన్న ఆ లెక్క మీద. పన్ను తీసుకునేటప్పుడు ఆ గోడ ఇల్లే, ఇల్లు ఇవ్వాల్సి వచ్చినప్పుడూ ఆ గోడ ఇల్లే. దాని వెనకాల కప్పు ఉందా అని వచ్చి చూసినవాళ్లు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఇది తిరుగు రైల్లో రాస్తున్నాను, ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మీలో ఎవరైనా ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క మాట: ఊళ్లో కూలిన ఇంటి నంబరు ముందే కొట్టేయించుకుని, ఆ కాగితంతోనే రైలెక్కండి. ఆ దరఖాస్తు మాత్రం ఇంటి దగ్గరే కూర్చుని రాసుకోండి, రోడ్డు మీద పదిమంది చూస్తుండగా రాయాల్సిన ఉత్తరం కాదది.