చిట్టి గౌను నీలం

వెబ్‌సైట్లు తయారుచేసే ఆయన, కోడ్ రాస్తున్నంతసేపూ పెదాలు కదుపుతూనే ఉంటాడు. ఫైలు సేవ్ చేసే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. రంగుల నంబర్లు గుర్తుండవని, కోడ్‌లో వాటికి ఇంట్లో వస్తువుల పేర్లు పెట్టుకుంటాడు: వాళ్లావిడ గొడుగు ఎరుపు, కర్టెన్ ఆకుపచ్చ, చిట్టి గౌను నీలం. చిట్టి ఆయన కూతురు. పక్క కుర్చీలో కూర్చుని ఆరేళ్లుగా "అన్నా, అన్నా" అంటూ పని నేర్చుకున్న సహోద్యోగికి ఆయన ఏదీ దాచలేదు.

మొన్న కొత్త సైటు చూపించే మీటింగులో ఆ తమ్ముడే లేచి, "మొత్తం నేనొక్కణ్ణే రాశానండీ" అంటూ ఆయన కోడ్‌ని తెర మీద పెట్టాడు. ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

సైటు చేయించుకుంటున్నావిడ తెర చూసి నవ్వింది. "ఈ చిట్టి గౌను ఏంటండీ?"

"మా పాప గౌను రంగండీ" అన్నాడు, ఇంకా పెళ్లే కాని ఆ తమ్ముడు.

మీటింగు అయ్యేదాకా ఆయన కళ్లజోడు పెట్టుకోలేదు.