ఎత్తు పెంచిన జీపు

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను మహబూబ్‌నగర్‌లో ఒక విత్తనాల కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఊళ్లు తిరిగి విత్తనపు పంటలు చూసి రావడం నా పని. దానికి మోటార్ సైకిల్ సరిపోయేది. అయినా ఒక పాత జీపు కొన్నాను. చిన్నప్పుడు కోస్గి సంతకు మనుషుల్ని కుక్కుకుని తెచ్చే జీపుల వెనక వేలాడి తిరిగినవాణ్ణి. అలాంటిది ఒకటి నాకంటూ ఉండాలన్న కోరిక అప్పటినుంచే ఉంది.

కొన్నాక చూస్తే దాని వెనక భాగం కుంగిపోయి ఉంది. చక్రాల మీద బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్టల్ని మా దిక్కు కమాన్లు అంటారు. ఎన్నో ఏళ్లు జనాన్ని మోసి మోసి ఆ పట్టీలు వంపు పోయి చదునైపోయాయి. వెనకనుంచి చూస్తే పడుకోబోతున్న బర్రెలా ఉండేది. గుట్టల బాటల్లో అడుగు భాగం బండలకు రాసుకుంటుంటే నా పళ్లు జివ్వుమనేవి.

జీపు ఎత్తు పెంచే సామాను హైదరాబాద్‌లో దొరుకుతుంది కానీ దాని ధర నాకు అందేది కాదు. బైపాసు దగ్గర బండ్లు బాగుచేసే షెడ్డు నడిపే మిస్త్రీ ఒక దారి చెప్పాడు.

"గూడ్స్ బండి కమాన్లు ఎక్కిద్దాం సార్. పాతయి దొరుకుతయి. అగ్గువల పనైతది, ఎనుక జానెడు లేస్తది."

ఇద్దరం కలిసి పాత బండ్లు విప్పి అమ్మే చోటికి వెళ్లి, తుప్పు తక్కువగా ఉన్న జత ఏరి తెచ్చాం. పాత కమాన్లు ఊడదీయడానికే సగం రోజు పట్టింది. తుప్పుతో బిగుసుకుపోయిన బోల్టుల్ని మిస్త్రీ మంట పెట్టి కాల్చి, సుత్తితో బాది తీశాడు. కొత్త జత కొంచెం పొడుగు. వాటిని తగిలించే కొండీని కోసి వెనక్కి జరిపి వెల్డింగ్ చేశాడు. పొడుగాటి యూ బోల్టులు వేశాడు. బ్రేకు గొట్టం అందకపోతే పెద్దది తెప్పించాడు. సాయంత్రానికి జాకీ దించితే జీపు వెనక భాగం కిందికి రాలేదు. తల వంచుకుని కుమ్మడానికి తయారైన పొట్టేలులా నిలబడింది.

మిస్త్రీ వెనక బంపరు మీద ఎక్కి ఎగిరి చూశాడు. బండి కదల్లేదు.

"మస్తు గట్టిగున్నయి. ఖాళీ బండికి జర ఎక్కువనే. రెండు పట్టీలు తీసేస్తే మెత్తగైతది గని, కొంచెం కిందికొస్తది," అన్నాడు.

"కిందికెందుకు? ఉండనీ," అన్నాను.

"నాగ్గూడ గట్లనే అనిపిస్తాంది. సూడనీకె మంచిగుంది," అని నవ్వాడు. ఇద్దరం రోడ్డు అవతలికి వెళ్లి, చాయ్ తాగుతూ దాన్ని చాలాసేపు చూసుకున్నాం.

నడిపితే ముందు కూర్చున్న నాకు పెద్ద తేడా తెలియలేదు. గుంత వచ్చినప్పుడల్లా వెనక పెట్టుకున్న జాకీ, పానాల డబ్బా ఎగిరి పడిన చప్పుడు మాత్రం వినిపించేది. వాటి కింద ఒక గోనెసంచి పరిచాను. అంతటితో దాని సంగతి అయిపోయిందనుకున్నాను.

మా అక్క ఇల్లు కోస్గి దగ్గరి పల్లెలో. మేము మగ్గాల వాళ్లం. నేను ఇంటర్‌తో మగ్గం వదిలేశాను. అక్క పెళ్లయి వెళ్లిన ఇంట్లోనూ మగ్గమే. ముందరి అర్రలో రెండు గుంట మగ్గాలు, ఒకదాని మీద బావ, ఒకదాని మీద అక్క. నేను డిగ్రీ చదివింది వాళ్లింట్లో ఉండే. పుస్తకం ముందేసుకుని నేను కూర్చుంటే, పక్కన రెండు మగ్గాలూ టకటకమని ఆడుతుండేవి.

శ్రావణంలో ఊరివాళ్లు గుట్ట మీద మైసమ్మకు బోనాలు తీసుకుపోతారు. అంతా ట్రాక్టర్లలో వెళ్తారు. ఆ ఏడు నేను ముందురోజే జీపు వేసుకుని దిగాను.

"ట్రాక్టరుంది గదరా. అందరితోని పోతం," అంది అక్క.

"నా బండి ఒక్కసారన్న ఎక్కవానే?" అన్నాను.

ఆమె బావ వైపు చూసి నవ్వింది. "ఎక్కకుంటె ఊకునేటట్టు లేడు," అంది.

పొద్దున బావ ఆమెను ముందు కూర్చోమన్నాడు. బోనం కుండతో ముందు ఇరుకవుతుందని ఆమె వెనక ఇనుప బెంచీ మీద కూర్చుంది. వెనకే నయమని నేనూ అన్నాను. బావ ముందు నా పక్కన కూర్చున్నాడు. ఎక్కడానికి ఆమె కాలు అందకపోతే పీట తెచ్చి వేశాను. అప్పుడు కూడా నాకు గర్వంగానే ఉంది, బండి అంత ఎత్తున ఉన్నందుకు.

గుట్ట కింద ఎండిన వాగు ఉంది. దాన్ని దాటగానే బాటకు అడ్డంగా మెట్టులా ఒక బండ. ట్రాక్టర్లు అక్కడ ఆగి, మనుషుల్ని దించి, మెల్లగా ఎక్కుతున్నాయి. దిగిన జనం ఒడ్డున నిలబడి చూస్తున్నారు. పాత కమాన్లతో అయితే నేనూ ఆగేవాణ్ణి. ఇప్పుడు ఆగాల్సిన పని లేదని అందరికీ కనిపించాలనిపించింది. వేగం తగ్గించలేదు. ముందు చక్రాలు ఎక్కాయి. వెనక చక్రాలు బండకు తగిలి, ఆ గట్టి పట్టీలు ఏమాత్రం వంగకుండా బండిని పైకి విసిరాయి.

అద్దంలో చూశాను. అక్క రెండు చేతులతో బోనాన్ని కడుపుకు అదిమి పట్టుకుని ఉంది. బెంచీని పట్టుకోవడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు. గాల్లోకి లేచి, అలాగే ఇనుము మీద కూలబడింది.

"అక్కా!" అన్నాను.

ఆమె కుండను తడిమి చూసుకుంది. "బోనం మంచిగనే ఉంది. పో," అంది.

పైన ఆపి వెనక తలుపు దించితే ఆమె లేవలేకపోయింది. బావ కుండ అందుకున్నాడు. నేను ఆమె చంకల కింద చేతులు పెట్టి దించాను. నేల అందేదాకా ఆమె బరువంతా నా మీదే ఉంది. మొఖం చెమటతో తడిసిపోయింది. అయినా కుండను ఛాతీకి ఆనించుకుని గుడి దాకా నడిచి అప్పజెప్పింది. వంగి మొక్కలేదు. పక్కనున్నామె ఎందుకని అడిగితే నడుం పట్టేసిందని చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు జీపు ఎక్కనంది. ట్రాక్టరు డబ్బాలో బొంతలు పరిచి పడుకోబెట్టారు. బావ తల దగ్గర కూర్చున్నాడు. వాళ్ల వెనకాల నేను ఖాళీ జీపు నడుపుకుంటూ వచ్చాను. వాగు రాళ్ల మీద పానాల డబ్బా ఎగురుతూనే ఉంది. అది ఎంత ఎత్తు ఎగురుతున్నదో ఆ రోజే మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను.

మర్నాడు మహబూబ్‌నగర్ దవాఖానకు ఆటోలో తెచ్చాం. వెన్నులో ఒక ఎముక నలిగిందని, ఆపరేషన్ అక్కర్లేదు గానీ కొన్ని వారాలు కూర్చోవద్దని, వంగవద్దని డాక్టరు చెప్పారు. ఎట్లా దెబ్బ తగిలిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపు అక్క చెప్పింది.

"మా తమ్ముని జీపుల కూసున్న. ఎగిరి పడ్డ."

అందులో కోపం లేదు, నా తప్పును దాచడమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బావ బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఒక మాట అంటే బాగుండునని ఎదురుచూశాను. "బామ్మర్ది, ఏమన్న తిన్నవా?" అని అడిగాడు.

అక్క మగ్గం మీద సగం నేసిన చీర ఆగిపోయింది. ఎవరిదో పెళ్లికి ఒప్పుకున్నది. బావకు తన మగ్గం మీదే ఒప్పుకున్న పని ఉంది. నేను సెలవు పెట్టి వచ్చి ఆ గుంటలో కాళ్లు దించి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగలేదు. అక్క మంచాన్ని మగ్గం పక్కకు జరిపించుకుంది. పైకప్పు చూస్తూ పడుకుని, మగ్గం పలకతో నేను పోగును కొట్టే చప్పుడు వినేది.

"దెబ్బ ఒక తీరు పడ్తలేదు. గట్టిగ ఒకటి, మెత్తగ ఒకటి. పీకెయ్."

"కొంచమే తేడా ఉందక్కా."

"పెండ్లి పిల్ల కట్టుకుంటది. పీకు."

ఒక్కో దారం పీకి మళ్లీ నేసేవాణ్ణి. మధ్యాహ్నానికి నా నడుము విరిగినట్టయ్యేది. లేచి అటూ ఇటూ తిరగాలనిపించేది. ఆమె ముందు నడుము పట్టుకోవడానికి మొఖం చెల్లక అలాగే కూర్చునేవాణ్ణి. ఈ గుంటలో ఆమె ఇన్నేళ్లు ఇదే నడుముతో కూర్చుంది.

ఒకరోజు బావ నూలు కోసం కోస్గి వెళ్లాడు. నేను అంచు తప్పు వేశాను. తల తిప్పి చూసి అక్క ఏమీ అనలేదు. నేనే ఆగి, "నన్ను తిట్టవేందే?" అన్నాను.

"తిడితె నడుం అతుక్కుంటదా?"

"అట్ల కాదు."

ఆమె తల మళ్లీ పైకప్పు వైపు తిప్పుకుంది. "ఆడ అందరు ఆగిన్రు. నువ్వు గూడ ఆగుతవనే అనుకున్న. కుండ పట్టుకున్న గద, నన్ను సూసి మెల్లగ పోతవనుకున్న. నువ్వు నన్ను సూడనే లేదురా. ఒడ్డున ఉన్నోళ్లను సూసినవ్."

ఆమె కళ్లనుంచి నీళ్లు రెండు చెవుల వైపూ కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, నొప్పికి మళ్లీ దించింది. లేచి నేను తుడవబోతే, "అంచు సక్కగ చెయ్యిపో," అంది.

ఆ చీర పూర్తయింది. అక్క నేసిన సగం ఏదో, నేను నేసిన సగం ఏదో ఎవరికైనా తెలిసిపోతుంది. బావ దాన్ని తీసుకుపోయి, తిరిగి వచ్చి, వాళ్లు తీసుకున్నారని మాత్రం చెప్పాడు. ఇంకేమన్నారో చెప్పలేదు.

సెలవు అయిపోయాక జీపును షెడ్డుకు తీసుకుపోయాను. జరిగింది చెబితే మిస్త్రీ చేతిలో పానా కింద పెట్టి కూర్చున్నాడు. "నేనన్న ఇంకొకసారి చెప్పాల్సుండె," అన్నాడు. చెప్పినా వినేవాణ్ణి కాదన్నాను. అతను కింద దూరి కట్టలు విప్పాడు. ఒక్కో వైపు రెండు పట్టీలు తీశాక జీపు దిగింది. నేను వెనక బెంచీ మీద కూర్చుని, అతణ్ణి గుంతల రోడ్డు మీద నడపమన్నాను. చాలా మెత్తబడింది. అంతా మంచిదే కానీ షెడ్డు ముందు దాన్ని పొట్టిగా చూసేసరికి నా మనసు చివుక్కుమంది. ఒక్క క్షణమే. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ క్షణం సంగతి అక్కకు ఎప్పుడూ చెప్పలేదు.

చలికాలం వచ్చేసరికి అక్క మళ్లీ మగ్గం ఎక్కింది. అయితే పూర్తి రోజు కూర్చోలేదు. కాసేపు నేసి లేచి, గోడ పట్టుకుని నిలబడి, మళ్లీ కూర్చుంటుంది. ముసురు పట్టినప్పుడు అసలు కూర్చోదు. రెండు మగ్గాలు ఆడే ఇంట్లో ఇప్పుడు చాలాసార్లు ఒకటే వినిపిస్తుంది. తన పని అయ్యాక బావ ఆమె మగ్గం మీదికి మారతాడు.

నేను వీలైనప్పుడల్లా ఆదివారం వెళ్తాను. నేయనివ్వదు, నూలు చుట్టమంటుంది. పోయిన వారం చుడుతుంటే, "గింత దూరం ఊకూకె ఎందుకొస్తవ్‌రా, నీకు పని లేదా?" అని అడిగింది.

"ఉందక్కా," అన్నాను. చుడుతూ కూర్చున్నాను. ఆమె ఇంకో కట్ట తెచ్చి నా పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లింది.