సందులో పట్టని బండి

ఆర్విడ్ ఆ కొత్త బండిని కొలవకుండా కొన్నాడా, కొలిచే కొన్నాడా? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

మా వీధి కొండ మీద ఉంది. రాగి గని కంపెనీ గుర్రపు బళ్ళ కాలంలో కట్టించిన పదకొండు ఇళ్ళు. వీధిలోకి రావాలంటే మా రాతిగోడకీ ఎదురింటివాళ్ళ కట్టెల కొట్టానికీ మధ్యనున్న సందు ఒక్కటే దారి. దాని వెడల్పు ఏడడుగుల పది అంగుళాలు. ఆర్విడ్ పాత ట్రక్కు బండికి ముందు బిగించిన మంచు తోసే బ్లేడు ఏడున్నర అడుగులు. ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు. సరస్సు మీంచి వచ్చే మంచు అద్దాన్ని కప్పేస్తున్నా ఇరవై రెండు చలికాలాలు ఆ సందులోంచి వచ్చి మా వాకిళ్ళు తోసి వెళ్ళాడు. మా గోడకి ఒక్క గీత పడలేదు.

తను పనిచేసిన గని మూసేసిన రోజున ఇక ఎవరి కిందా పనిచెయ్యనని అనుకున్నాడట. మొదటి బండి అప్పు మీదే కొన్నాడు. ఆ అప్పు తీరిన రోజు అతని భార్య ఎల్మా యాలకుల రొట్టె చేసి వీధంతా పంచింది. ఆ తర్వాత బ్యాంకు గడప తొక్కలేదు. నాకు తెలిసేనాటికి రెండు బళ్ళు నడిపేవాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి, ఒకే ముదురాకుపచ్చ రంగువి. మూడోది ఆర్విడ్ ఇంటి కొట్టం వెనక చక్రాలు లేకుండా దిమ్మల మీద ఉండేది. దాని ఒంట్లోంచి కావలసింది ఊడదీసి ఈ రెండిటికీ పెట్టేవాడు. ఎల్మా దానికి అత్తగారని పేరు పెట్టింది. "ఆవిడ ఉన్నన్నాళ్ళు మా ఇంట్లో దేనికీ లోటు లేదు" అనేది.

మా వీధి పని అయ్యాక మా వంటింట్లో కాఫీ తాగి వెళ్ళడం అతనికి అలవాటు. ఎల్మా తమ్ముడు లెస్టర్‌ది కూడా ఇదే పని. కాఫీ వాసనకి అతనూ వచ్చి కూచునేవాడు. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల గోల విన్నదాన్ని. అయినా వాళ్ళిద్దరి పోట్లాట నాకు విసుగనిపించేది కాదు.

"బావా, నిన్న బండి కింద నీ కాళ్ళు చూశాను. నీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో!" అనేవాడు లెస్టర్.

"కాళ్ళు చూసి గుర్తుపట్టావుగా, చాల్లే."

"నాలుగేళ్ళకో కొత్త బండి తీస్తాను. వాయిదా కడతాను, హాయిగా పడుకుంటాను. తాళం తిప్పితే చాలు, స్టార్టు. సీటు కూడా వెచ్చగా ఉంటుంది, తెలుసా?"

"బ్యాంకువాళ్ళు నీ పిర్రలు కాచి పెడుతున్నారన్నమాట."

"నవ్వు, నవ్వు. రోడ్డు మీద మంచుకి చల్లే ఉప్పు తిని తుప్పు పట్టేది నీ బండేగా."

"పడుతుంది, కాదన్నానా? కానీ జూలైలో నా బండి గడ్డిలో నిద్రపోతుందిరా. నీది జూలైలో కూడా తిండి అడుగుతుంది."

లెస్టర్‌కి వేసవిలో కంకర తోలే పని ఉండేది. కాబట్టి అతని బళ్ళు అడిగినా పెట్టగలిగేవాడు. ఆర్విడ్‌కి మంచు ఒక్కటే ఆధారం.

కొండ దిగువన ముసలివాళ్ళ ఆశ్రమం ఉంది. దాని ఆవరణ తొయ్యడమే ఆర్విడ్‌కి అన్నిటికన్నా పెద్ద పని, సగం బతుకు దానిమీదే. ఒక జనవరిలో ఒక బండికి గేరుబాక్సు పోయి కొట్టంలో ఉంది. రెండోది సరిగ్గా ఆశ్రమం గేటు దగ్గర బ్లేడు ఎత్తే హైడ్రాలిక్ పైపు పగిలి ఆగిపోయింది. మంచు మీద నూనె ఎర్రగా పారింది. లోపల మూత్రపిండాల చికిత్సకి వెళ్ళవలసిన ఒక ముసలాయన్ని ఎక్కించుకుని వ్యాను సిద్ధంగా ఉంది. ఆర్విడ్, ఎల్మా చెరో పార పుచ్చుకున్నారు. చూడలేక నేనూ దిగి వెళ్ళాను. వ్యాను కదిలేసరికి గంటంబావు పట్టింది. ఆయనకేమీ కాలేదు. ఆశ్రమం నడిపే ఆవిడ కోప్పడలేదు కూడా. వచ్చే చలికాలానికి కొత్త బండి ఉంటేనే పని ఇస్తామని మర్యాదగా చెప్పింది.

"తప్పు ఆవిడది కాదు టీచరమ్మా," అన్నాడు మర్నాడు, కాఫీ ముట్టకుండా. "ఆ ముసలాయన కిటికీలోంచి నా చేతులకేసే చూస్తూ కూచున్నాడు. తిట్టినా బాగుండేది."

సెప్టెంబరులో లెస్టర్ దగ్గరుండి ఆర్విడ్‌ని బళ్ళ షోరూంకి తీసుకెళ్ళాడు. తెల్లటి బండి, వెనక అటూ ఇటూ రెండేసి చక్రాలు, అయిదేళ్ళ వాయిదాలు. పాతవాటిలో ఒకటి ధర కింద అక్కడే ఇచ్చేశాడు. రెండోదాన్ని అడిగితే నడవదని చెప్పాడట.

"నడుస్తుందిగా బావా!" అన్నాడట లెస్టర్ అందరిముందూ.

"నాకు నడుస్తుంది. వాళ్ళకి నడవదు."

నవంబరులో మొదటి మంచు పడింది. అడుగున్నర. కొత్త బండి కొండెక్కి వచ్చి మా గోడ ముందు ఆగింది. పక్క సీట్లో లెస్టర్ ఉన్నాడు. ఆర్విడ్ దిగి గోడకీ కొట్టానికీ మధ్య నిలబడ్డాడు. ఆ వెనక చక్రాలతో బండే ఎనిమిదడుగులుంది. బ్లేడెంత వంచినా లాభం లేదు.

"బావా! కొలవలేదా నువ్వు?" లెస్టర్ అద్దం దించి అరిచాడు. "ఇరవయ్యేళ్ళు తిరిగావు కదయ్యా ఇందులో!"

నేను వాకిట్లోనే ఉన్నాను. ఆర్విడ్ గోడ మీద అరచెయ్యి పెట్టాడు.

"గోడ పెరిగినట్టుంది టీచరమ్మా," అన్నాడు.

అతని మొహంలో సిగ్గు కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు. ఆ పూట వీధంతా తోపుడు పారతో తీశాడు. మర్నాటికి ఆకుపచ్చ బండి చప్పుడు చేసుకుంటూ వచ్చింది. అత్తగారి ఒంట్లోంచి ఏం తీసి పెట్టాడో గాని, ఆ చప్పుడు విని ఎదురింటావిడ కిటికీలోంచి చప్పట్లు కొట్టింది.

అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. పాతదాన్ని ఉంచుకోవడానికి సాకు కోసమే అంత వెడల్పు బండి ఎంచుకున్నావా అని. కాఫీ పోస్తున్నప్పుడు నోటిదాకా వచ్చేది. ఎలాగైతేనేం ఉంచుకున్నాడు, అదే చాలుననిపించి మానేసేదాన్ని.

ఆ చలికాలంలో మరి మంచు పడలేదు. జనవరిలో వాన కురిసింది. మా ఊళ్ళో జనవరిలో వాన చూసినవాళ్ళు లేరు. తోసినప్పుడే డబ్బు, తొయ్యడానికేమీ లేదు. ఆకుపచ్చ బండి కొట్టం పక్కన ఊరికే పడివుంది, ఏమీ అడగలేదు. తెల్లబండి వాకిట్లో మెరుస్తూ నిలబడింది. ఆర్విడ్ దాన్ని రోజూ తుడిచేవాడు. ఎల్మా ఆశ్రమంలో బట్టలుతికే పనికి కుదిరింది. ఫిబ్రవరిలో ఒక వాయిదా తప్పింది, మార్చిలో ఇంకొకటి.

లెస్టర్ మంచివాడు. మా వంటింట్లోనే, తలెత్తకుండా అన్నాడు:

"బావా, బండి నా పేరున రాయించెయ్. వాయిదాలు నేను కడతాను. ఆశ్రమం పని నాదవుతుంది. నడపడం మాత్రం నువ్వే. నెలకింతని ఇస్తాను. బండి నీదే అనుకో."

"అనుకుంటే అయిపోతుందా?"

"నీ మంచికే కదా చెప్తున్నాను!"

"తెలుసురా." ఆర్విడ్ కప్పు పక్కకి జరిపాడు. "బండి తీసుకో. తాళాలు మీ అక్క ఇస్తుంది."

నడుపుతాననలేదు. నడపననీ అనలేదు. లెస్టర్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. పడమట మిన్నెసోటాలో ఆర్విడ్ అన్న ఉండే ఊళ్ళో వాకిళ్ళు తోసే మనిషి పని మానేశాడనీ, నలభై ఇరుకు వాకిళ్ళు ఖాళీగా ఉన్నాయనీ, పాత బండి ఒక్కటి చాలునని ఆర్విడ్ లెక్క వేసుకున్నాడనీ తర్వాతెప్పుడో ఎల్మా ఉత్తరం రాస్తే తెలిసింది.

ఏప్రిల్ రెండోవారంలో తడిమంచు పడింది, జానెడు. మధ్యాహ్నానికి దానంతటదే కరిగిపోయేది. అయినా పొద్దున్నే ఆకుపచ్చ బండి వచ్చింది. పదకొండు వాకిళ్ళూ తోశాడు. ఎదురింటావిడ మెట్లదాకా తోశాడు. నేను కాఫీ పొంగించి రెండు కప్పులు పెట్టి తలుపు తీసి నిలబడ్డాను. బండి మా గోడ దగ్గరికొచ్చాక పక్కసీట్లో ఎల్మా కనబడింది. ఒళ్ళో కుట్టుమిషను పెట్టుకుని తిన్నగా ముందుకే చూస్తోంది. వెనక టార్పాలిన్ కింద కుర్చీల కాళ్ళు.

చెయ్యెత్తాను. ఆర్విడ్ సందు దాటేదాకా గోడకేసే చూశాడు. దాటాక బ్లేడు పైకెత్తాడు. కొండ దిగి, ఆశ్రమం ముందునుంచి పోయి, ఊళ్ళోకి తిరగకుండా పడమటి రోడ్డెక్కాడు.