తెరచాపకు ఎనిమిది ముళ్లు

ఇరవై ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్న పని ఊడిపోయే బట్టలు కుట్టడం. నవ్వేవాళ్లు నవ్వండి, ఫిల్మ్ నగర్‌లో ఇది గౌరవమైన వృత్తి. హీరో ఒక్క గుద్దు గుద్దితే విలన్ చొక్కా చెయ్యి భుజం దగ్గర నుంచి ఊడి రావాలి. రెండో టేకుకు అదే చెయ్యి మళ్లీ అతుక్కోవాలి, మళ్లీ ఊడాలి. పాటలో హీరోయిన్ స్తంభం వెనక్కి ఒక చీరతో వెళ్లి ఇంకో చీరతో రావాలంటే అవి చీరలు కాకూడదు, కుచ్చిళ్లు కుట్టేసిన, దిండు గలీబుల్లా తొడిగేవి కావాలి. మా కాస్ట్యూమ్స్ యూనిట్‌లో ఒకటే పరీక్ష: కట్ చెప్పేదాకా నిలబడిందా లేదా. కట్ చెప్పిన తర్వాత కూడా నిలబడేది కుట్టమని నన్ను ఎవరూ అడగలేదు.

అలా అడిగిన మొదటి మనిషి నా మనవరాలు.

నా కూతురి కూతురు. పద్నాలుగేళ్లది. మేం బోరబండలో ఉంటాం, పిల్ల అక్కడి సర్కారు బడిలో చదువుతుంది. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నడపడం నేర్పే ఒక క్లబ్ వాళ్లు రెండేళ్ల కిందట బడికి వచ్చి, నీళ్లంటే భయం లేనివాళ్లు ఎవరని అడిగితే ఇది చెయ్యెత్తిందట. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లకు భయపడేంత తీరిక మాకెక్కడిది?

పడవ అంటే పెద్దగా ఊహించుకోకండి. కుడితి తొట్టిలో కర్ర నిలబెట్టి గుడ్డ కట్టినట్టు ఉంటుంది. ఒక్కరే కూర్చోవాలి. ఆ నిలువు కర్రను పిల్లలు మాస్ట్ అంటారు. తెరచాప అంచు పొడవునా ఎనిమిది కన్నాలు ఉంటాయి, వాటి గుండా తెరచాపను మాస్ట్‌కు తగిలించాలి. ఆ తగిలించే సామాను గురించే ఈ గొడవంతా.

రాష్ట్ర జట్టుకు ఐదుగురిని ఎంచే పోటీలు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయి. ఆ పడవకు వయసు కట్టుబాటు ఉంది. వచ్చే ఏడు మా పిల్లకు అది దాటిపోతుంది. అంటే ఇప్పుడు రాకపోతే ఇక రాదు. అటువంటప్పుడు సాధన పోటీలో పాత తాళ్లు రెండు తెగి, తెరచాప మధ్యలో బానపొట్టలా ఉబ్బిపోయి, పిల్ల అందరికన్నా చివర వచ్చింది. కోచ్ సారు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. "పడవ క్లబ్బుది, తెరచాప క్లబ్బుది. కట్టుకునే సామాను ఎవరిది వాళ్లదే. ఇంట్ల మాట్లాడుకోని సరిజేస్కో" అని ఒక కాగితం చేతికిచ్చి పంపాడు.

"అమ్మమ్మా, నువ్వు గన్ని బట్టలు కుడ్తవు గదా. జర చూడవా?" అంది పిల్ల.

చూడక? ఇన్నేళ్ల అనుభవం ఎందుకుంది? కాగితం మీద బియ్యం డబ్బా పెట్టి, మర్నాడు నేరుగా మా డిజైనర్ సారు దగ్గరికి వెళ్లాను.

మా సారుకు ఓడల గురించి తెలుసు. ఒక సినిమాకు ఓడ మొత్తం ఆయనే అలంకరించారు. ఆ ఓడ పచ్చగుడ్డ ముందు సిమెంటు నేల మీద నిలబడింది. తెరచాపలో గాలి పెద్ద ఫ్యాను నుంచి వచ్చింది, ఆపమంటే ఆగింది. కొక్కేలన్నీ థర్మకోల్‌వి, బంగారు రంగు పూసినవి. సముద్రం తర్వాత కంప్యూటర్‌లో పోశారు. ఇంతకు మించిన నావికుడు జూబ్లీ హిల్స్‌లో దొరకడు.

"తాళ్లేంటమ్మా, ఏ కాలంలో ఉన్నారు?" అన్నారు సారు. "హుక్స్ వేయించండి. నేను ఇప్పిస్తానుగా. పిల్ల ఫొటో కూడా బావుంటుంది."

తన కార్లోనే తీసుకెళ్లారు. జూబ్లీ హిల్స్‌లో కర్టెన్లు తగిలించే సామాను మాత్రమే అమ్మే షాపు ఒకటుంది, రెండంతస్తులది. కర్టెన్లు అమ్మరు. అడిగితే చిన్నబుచ్చుకుంటారు. నాకు గడ్డి వాసన వచ్చే టీ ఇచ్చారు. పిన్నీసులా నొక్కితే తెరుచుకుని, వదిలితే మూసుకునే కొక్కేలను అక్కడి అమ్మాయి నల్ల మఖ్మల్ మీద పరిచింది.

"ఫినిష్ ఏది చూపించమంటారు సర్? యాంటిక్ బ్రాస్, రోజ్ గోల్డ్, మ్యాట్ బ్లాక్..."

"నీళ్లల్ల నానితే తుప్పు పట్టదా బిడ్డా?" అని నేను అడిగాను.

ఆ అమ్మాయి సారు వైపు తిరిగి జవాబిచ్చింది. "సర్, కర్టెన్ నీళ్లలో ఎందుకు నానుతుంది సర్?"

న్యాయమైన ప్రశ్న. రోజ్ గోల్డ్ తీసుకున్నాం.

ఆదివారం క్లబ్ ఒడ్డున ఎనిమిది కొక్కేలు మాస్ట్ చుట్టూ వేసిన తాడు ఉంగరాలకు తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. ఎండకు తళతళ మెరిసిపోయాయి. కోచ్ సారు వచ్చి మాస్ట్‌కూ తెరచాపకూ మధ్య చెయ్యి పెట్టాడు. రెండు వేళ్లు సులువుగా దూరాయి.

"అమ్మా, గిది పడవనా, ఫంక్షన్ హాలా?" అన్నాడు. "గీ సందుల నుంచి గాలంత బైటికే పోతది. సందు చిటికెన వేలంత గూడ ఉండొద్దు. పోటీల నాడు కొలిచి చూసే ఆయన గిట్ల ఉంటే పడవను నీళ్లల్లకే దిగనియ్యడు."

నాలుగు రోజుల్లో రోజ్ గోల్డ్ కింద నుంచి అసలు రంగు కూడా బయటపడింది, తెరచాప అంచున తుప్పు మరకలతో సహా. మా డిజైనర్ సారుకు చెప్తే, "లైటింగ్‌లో కనపడదులెండి" అన్నారు.

సరే, సారును నమ్మితే ఇలా అయింది, నా విద్య నేను వాడతానని ఫైట్లకు వాడే వెల్క్రో అతుకుడు పట్టీ కుట్టాను. ఒడ్డున రాయిలా పట్టింది. నీళ్లలోకి దిగి మొదటి మలుపు తిరగగానే, పాత చాపను చింపినట్టు చర్రుమని పైనుంచి కిందిదాకా విడిపోయింది. ఫైటు సీనుకు అంత చక్కగా ఏనాడూ విడిపోలేదు. మా సారు ఉండి ఉంటే ఒకే టేకుకు ఓకే చెప్పేవారు.

మూడోది నాకు ఇప్పటికీ అందంగానే అనిపిస్తుంది. ఒకటే పొడవాటి తాడు తీసుకుని, జాకెట్టు వీపున డోరీ అల్లినట్టు, కన్నం నుంచి మాస్ట్ చుట్టూ, మాస్ట్ నుంచి కన్నానికి, పైనుంచి కిందిదాకా అల్లి లాగి బిగించాను. సందు లేదు, మెరుపు లేదు, చప్పుడు లేదు. కోచ్ సారు అల్లికను పైనుంచి కిందిదాకా చూశాడు. "కాగితం చదివిండ్రా?" అని మాత్రం అడిగాడు. "ఆఁ, చూసిన" అన్నాను. నిజమే. దాని మీద డబ్బా పెట్టేటప్పుడు చూశాను.

పడవలు చెరువు మధ్యకు వెళ్లాయి. మా పిల్ల మూడో స్థానంలో ఉంది. నా తాడు మాస్ట్ మీద ఒకచోట పొడుచుకొచ్చిన రివెట్టు మేకుకు రాసుకుంటూ ఉందన్న సంగతి ఒడ్డున ఉన్న నాకెలా తెలుస్తుంది? అక్కడ తెగింది. ఒక్కచోటే. అల్లిక మొత్తం ఒకటే తాడు కాబట్టి ఒక్కచోట తెగితే చాలు, పైకీ కిందికీ సర్రున జారిపోయింది. ఆకు తీసిన కట్టెలా మాస్ట్ ఒక్కటే నిలబడింది, తెరచాప పిల్ల నెత్తిన పడింది. మోటారు పడవ వెళ్లి లాక్కొచ్చింది.

పిల్ల ఒడ్డుకు వచ్చి తడిసిన జుట్టు పిండుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

"నీకు ఊడేటియి కుట్టుడే వస్తది అమ్మమ్మా. గీడ కట్ అనేటోడు ఎవడు లేడు."

బస్సులో మోతీనగర్ దాటేదాకా తెగిన తాడు ముక్కను వేళ్లకు చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చి బియ్యం డబ్బా ఎత్తాను. నాకు అక్షరాలు నలభై తొమ్మిదో ఏట వచ్చాయి. వచ్చినప్పటి నుంచి బస్సు బోర్డు, మందు సీసా, బజ్జీల పొట్లం, ఏదీ చదవకుండా వదల్లేదు. వదిలింది ఈ ఒక్క కాగితమే. ఎందుకంటే చదవాల్సిన పని లేదు కదా, నాకన్నీ తెలుసు, తెలియనివి మా సారుకు తెలుసు. కోచ్ సారు తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, నాలుగు ముక్కలు రాశాడు. సాగని సన్నతాడు. ఒక్కో కన్నానికి వేరే ముక్క, వేరే ముడి. రెండు చుట్లు. ఒకటి తెగినా మిగిలినవి ఆపుతాయి.

అంతే. రెండంతస్తుల షాపు, గడ్డి టీ, మఖ్మల్, అన్నిటికీ జవాబు బియ్యం డబ్బా కింద ఉంది.

సాగని తాడు ఏదో కాగితం చెప్పలేదు. అక్కడ మాత్రం నా బుర్ర పనికొచ్చింది. యూనిట్‌లో ఉన్న తాళ్లన్నీ ఒక్కో జానెడు కోసి, ఒక పూట బకెట్లో నానబెట్టి, ఒక్కోదానికీ ఇస్త్రీ పెట్టె వేలాడదీశాను. నూలు తాడు ఉబ్బి ముడి విప్పడానికి రాలేదు. మెత్తటి నైలాన్ తాడు, మా దగ్గర అందరికీ ఇష్టమైనది, మధ్యాహ్నానికి అరవేలు సాగింది. సారు వచ్చి వరసగా వేలాడుతున్న ఇస్త్రీ పెట్టెలను చూసి, "ఇదేం సినిమాకమ్మా?" అని అడిగారు. చివరికి నెగ్గింది మోతీనగర్‌లో కిటికీ బ్లైండ్లు బాగుచేసే దుకాణంలో దొరికిన తెల్లటి అల్లిక తాడు. రోజుకు పదిసార్లు లాగినా సాగకుండా ఉండటమే దాని బతుకు. దాన్ని ముక్కలుగా కోసి, పోగులు రాకుండా చివర్లు కొవ్వొత్తికి కాల్చి పెట్టాను.

పోటీ రోజు పొద్దున ముక్కలన్నీ పిల్ల చేతిలో పెట్టి, ముడి వేయడానికి ముందుకు వంగాను.

"నువ్వు జరుగు," అంది. "నేను కట్టుకుంట."

"నీకేం తెలుస్తదే? నేను నీ వయసున..."

"నా వయసున నువ్వేం పడవలు నడిపినవ్?"

ఏడు కట్టింది. ఒక్కోటీ రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, పళ్లతో లాగి చూసింది. ఎనిమిదోది మధ్యలో మిగిలింది. నా మొహం చూసి జాలి కలిగిందేమో, "సరే, గీ ఒక్కటి కట్టు. గట్టిగ కట్టాలె" అంది. కట్టాను. కొలిచే ఆయన వచ్చి ఒక పుల్లతో సందు చూసి తలూపాడు.

మూడు పోటీలు జరిగాయి. దూరానికి తెరచాపలన్నీ ఒకటే. వాటి మీది అంకెలు నా కంటికి ఆనవు. మా పిల్లది ఏదో తెలియక, ముందున్న ప్రతి తెరచాపా మా పిల్లదే అనుకుంటూ కూర్చున్నాను. అలా చూస్తే చాలా బాగా గెలిచింది. లెక్కలు తేలాక మొత్తం మీద ఐదోది. తీసుకునేది ఐదుగురినే. కోచ్ సారు పేర్లు చదువుతుంటే ఐదో పేరు దగ్గర దగ్గు వచ్చి ఆగాడు. ఆ దగ్గును నేను ఇప్పటికీ క్షమించలేదు.

నేను పరుగున వెళ్లేసరికి పిల్ల పడవ పక్కన నిలబడి తెరచాప విప్పుతోంది. నవ్వు ఆపుకుంటోంది.

"అమ్మమ్మా, ఇటు రా. చూడు."

చూశాను. ఏడు ముళ్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మధ్యలో ఒక కన్నం ఖాళీ. తాడు తెగలేదు, పడవ అడుగున నీళ్లలో నిండు ముక్కగా తేలుతోంది.

"రెండో పోటీలనే ఊడింది," అంది. "నువ్వు పువ్వు ముడి వేసినవ్. ఒక కొస గుంజితె వచ్చేది."

ఇరవై ఎనిమిదేళ్ల చెయ్యి. చొక్కా చెయ్యి ఊడేలా వేసే ముడే వేశాను, వేస్తున్నట్టు నాకే తెలియలేదు. "మరి నువ్వు మునగలేదు గదా" అన్నాను.

"ఏడు నావి గదా," అంది పిల్ల.

మర్నాడు మా సారు పిల్ల ఫొటో చూసి, తెరచాప పని మా యూనిట్‌లోనే జరిగిందని అందరికీ చెప్పారు. నేను కాదనలేదు. జట్టు వచ్చే నెల వేరే రాష్ట్రంలో పెద్ద చెరువుకు వెళ్తుంది. అక్కడ గాలి ఎక్కువట, మూడుసార్లు కట్టేందుకు తాళ్లు ఇరవై నాలుగు కావాలంది పిల్ల. కొలత ప్రకారం కోసి, చివర్లు కాల్చి ఇచ్చే పని నాది. ముళ్ల జోలికి రావద్దని పిల్ల ముందే చెప్పింది.