వంగొద్దన్న కాసమ్మ

బరంపురంలోని గోసాని నువాగాం వీధుల్లో పొద్దున్నే "సేపలమ్మా, సేపలూ!" అన్న కేక వినబడితే పిల్లులతో సహా అందరూ గుమ్మాల్లోకి వస్తారు. ఆ గొంతు మా పెద్దమ్మ కాసమ్మది. గోపాలపూర్ పక్కన సముద్రం ఒడ్డునున్న మా పల్లె నుంచి తొలి ఆటోలో బరంపురం వస్తుంది. గంప నెత్తికెత్తుకుందంటే ఇక మెడ ఇటు నుంచి అటు కదలదు. ఒడియాలో బేరమాడినా తెలుగులో బేరమాడినా ఆవిడ జవాబు ఒక్కటే. "నచ్చితే తీసుకో, నేకపోతే బెండకాయలు ఒండుకో తల్లీ!"

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని, రింకిని. బరంపురంలోనే కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తాను. "ఓ, ఆ చేపలావిడా?" అని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. అవును, ఆ చేపలావిడే. ఆవిడ ఏం చేసిందో కాస్త కూర్చుని వినండి మరి.

ముందు మా పల్లె పద్ధతొకటి చెప్పాలి. ఒడ్డున ఏదైనా వస్తువు పోయి తగువు లేచిందంటే, అది తెగేదాకా ఎవరూ పడవ నీళ్లలో పెట్టకూడదు. కులపెద్ద పోతయ్య అందర్నీ పిలిచి ఒక పడవ ముందు నిలబెడతాడు. ఎవరో ఒకరు వంగి పడవ మూతిని ముట్టుకుంటారు. అంతే, తగువు తెగినట్టే. వంగినవాడే తీశాడా అని ఎవరూ అడగరు. చాలాసార్లు వంగేవాడు ఏ పాపం ఎరగనివాడే. పడవలు ఆగిపోతే పల్లె పస్తుంటుంది కనక ఎవడో మంచివాడు ఆ మాట మీదేసుకుంటాడు. ఆ సాయంత్రం ప్రతి పడవ నుంచీ వాడింటికి చేపలు వెళ్తాయి.

మా పెద్దమ్మ కొడుకు అర్జున్ అలాంటి మంచివాడు. మా అన్నయ్యని నేనే పొగుడుకోకూడదు గానీ, మరీ వెర్రిబాగులవాడు. నేరాలకి శిక్షలు వేసే కొత్త చట్టం వచ్చిన ఏడాది, బయటి వ్యాపారి ఒకడి వల మా ఒడ్డున పోయింది. వేటకి మంచి రోజులు. పడవలన్నీ ఆగిపోయాయి.

"ఎవుడో ఒకడు ఒంగండ్రా, ఎన్నాళ్లు కూకుంటాం?" అన్నాడు పోతయ్య. చూపు మాత్రం అర్జున్ మీదే ఉంది.

అర్జున్ వంగాడు. మా వాళ్లయితే అక్కడితో వదిలేసేవాళ్లు. ఆ వ్యాపారికి మా పద్ధతి ఏం తెలుసు? దొంగ దొరికాడని నేరుగా ఠాణాకి వెళ్లాడు. కోర్టులో నేరం ఒప్పుకుంటావా అని అడిగితే, పడవ ముందు వంగినట్టే అక్కడా వంగి బోను కర్రని ముట్టుకుని ఊ అన్నాడు మా వెర్రివాడు. పోతయ్యే అలా చెయ్యమన్నాడు మరి. జడ్జి జరిమానాతో వదిలేశాడు. పడవలు వెళ్లాయి, ఇంటికి చేపలొచ్చాయి. పీడా పోయిందనుకున్నాం.

పోలేదు. మరుసటేడు గిరిసోలలో రోడ్డు పక్కన ఆపిన బండిలోంచి పడవ ఇంజనొకటి పోయింది. చేసిందెవరో తెలియదు. పోలీసులు చుట్టుపక్కల పాత శిక్ష పడినవాళ్లెవరని వెతికారు. జీపు మా ఇంటి ముందు ఆగింది. ఇంజను పోయిన రాత్రి అర్జున్ పోతయ్య పడవలోనే సముద్రం మీద ఉన్నాడు. చెబితే వినేదెవరు? కొన్నాళ్లు లోపలుంచి బెయిలు మీద వదిలారు.

పెద్దమ్మా నేనూ లాయరు వాగ్దేవి గారి దగ్గరికి వెళ్లాం. బరంపురం తెలుగువాళ్లే, ఫీజు అడక్కుండా కేసు చూస్తానన్నారు. పోతయ్య కూడా వెంట వచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"ఇంజను గలాయనతో మాటాడేసినాను లాయరమ్మా. రాజీకి ఒప్పుకున్నాడు. మా వోడు మళ్లీ ఒంగేత్తాడు, అయిపోద్ది!"

వాగ్దేవి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అదే వద్దు. దొంగతనంలో రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తక్కువ కాకుండా కఠిన జైలు. ఐదేళ్ల దాకా వెయ్యొచ్చు. జడ్జి గారికి ఎంత జాలి కలిగినా ఏడాది లోపు తగ్గించే వీల్లేదు. పాత శిక్ష ఉంది కాబట్టి రాజీ కూడా కుదరదు."

"ఆడు మొదట్లోనూ తియ్యనేదు కదమ్మా!" అంది పెద్దమ్మ.

"ఒప్పుకున్నాడు కదా కాసమ్మగారూ. కోర్టుకి అదే కనిపిస్తుంది."

మళ్లీ మళ్లీ దొంగతనం చేసేవాణ్ని గట్టిగా శిక్షించమంటే నేనూ కాదనను. అసలు మొదటిసారే తియ్యనివాడికి రెండోసారి ఎక్కడిదండీ? నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ ఏడవలేదు. ఆటో దిగాక నాతో అంది. "ఒంగమని నాను సెప్పనే రింకీ. సచ్చినా సెప్పను."

కోర్టు రోజు రానే వచ్చింది. ఆవిడ చేపలమ్మి అటునుంచటే ఖాళీ గంపతో వచ్చింది. జడ్జి ఒడియాలో మెల్లగానే అడిగారు, నేరం ఒప్పుకుంటావా అని. అర్జున్ నడుం దానంతటదే వంగడం మొదలెట్టింది. చెయ్యి కర్ర మీదికి పోతోంది.

"ఒరే! నెత్తి మీద గంప ఉందనుకోరా!" వెనక నుంచి పెద్దమ్మ కేక. గోసాని నువాగాం పిల్లులు లేచే కేక అది.

బంట్రోతు కసిరాడు. జడ్జి తలెత్తి చూశారు. అర్జున్ మాత్రం నిటారుగా నిలబడ్డాడు. "నేదండీ. నాను తియ్యనేదు" అన్నాడు. వాడి గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

కానీ కాదన్నంత మాత్రాన సరిపోతుందా? సాక్ష్యం కావాలి. చెప్పాల్సింది ఆ రాత్రి వాడితో పడవలో ఉన్న పోతయ్య, వాళ్ల జట్టు. పోతయ్య తప్పించుకు తిరగడం మొదలెట్టాడు. ఒక వాయిదాకి జ్వరం, ఇంకో వాయిదాకి వేట. అసలు భయం వేరే. బోనెక్కితే పాత సంగతి కదులుతుంది. సర్కారు ముందు అబద్ధం ఆడమన్నది తనేనని చెప్పుకోవాలి. కులపెద్ద పరువేం కాను?

తర్వాతి వాయిదా రోజు ఇంకా తెల్లారకముందు, పడవ దించుదామని జట్టు ఒడ్డుకి వెళ్తే పోతయ్య పడవ మూతికి ఆనుకుని పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో గంప.

"లెగవే కాసమ్మా, ఏల దాటిపోతంది" అన్నాడు పోతయ్య.

"లెగను మావా. నా కొడుక్కీ ఊరికీ మద్దిన తగువుంది. తగువు తెగకుండా బోటు దించకూడదని నువ్వే సెప్పినావు."

"ఊరుతో తగువేటే?"

"మీరు తిండానికి ఆడు ఒంగినాడు. ఆడి మీద దొంగ అని ముద్దర పడిపోనాది. మీ బోట్లు ఎల్లడానికి ఆడొక్కడు జైల్లో ఆగినాడు కదా, ఆడి కోసం మీ బోట్లు ఒక్క దినం ఆగలేవేటి? ఆగలేకపోతే నా మీంచి లాక్కెల్లిపోండి!"

జట్టులో దాలయ్య అనే ఆయన ముందు తెడ్డు కింద పెట్టాడు. "నానొస్తానప్పా" అన్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. చివరికి పోతయ్య కోర్టుకి వేసుకెళ్లే చొక్కా తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్లాడు.

ఆ రోజు మా పల్లె నుంచి ఒక్క పడవ కూడా వెళ్లలేదు. వేటకి మంచి రోజులే, అయినా వెళ్లలేదు. కోర్టు వరండా అంతా ఉప్పు వాసన. నాకైతే ఆ వాసన చూసి గర్వంతో ఛాతీ ఉబ్బిపోయింది.

దాలయ్య చెప్పాడు, మిగతావాళ్లూ చెప్పారు, ఆ రాత్రి అర్జున్ తమతోనే వల లాగాడని. చివర పోతయ్య బోనెక్కాడు. అవతలి లాయరు, ముద్దాయి లోగడ నేరం ఒప్పుకున్నాడు కదా అని గుచ్చాడు.

"ఒప్పుకోమన్నది నాను బాబూ. ఆడు తియ్యనేదని నాకు తెలుసు. బోట్లు ఎల్లాలని ఒంగమన్నాను."

వాగ్దేవి గారు రాసుకోవడం ఆపేశారు.

కేసు కొట్టేశారు. పాత శిక్ష మాత్రం అలాగే ఉంది. దాని మీద అప్పీలు వేద్దామని వాగ్దేవి గారన్నారు. "ఎయ్యండమ్మా, ఎంత కాలమైనా వస్తాను" అంది పెద్దమ్మ.

తీర్పు విని బయటికొచ్చాం. అర్జున్ గోడకానుకుని చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. పెద్దమ్మ వరండాలో గంప దించి కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. పోతయ్య మెల్లగా ఆవిడ ముందుకొచ్చాడు. ముసలాయన, మోకాళ్లు పట్టేస్తాయి. అయినా వంగాడు. పడవ మూతిని ముట్టుకున్నట్టు ఆ గంప అంచుని రెండు చేతులతో ముట్టుకున్నాడు. నాకు తెలిసి మా పల్లెలో నిజంగా తప్పు చేసినవాడు వంగడం అదే మొదలు.

పెద్దమ్మ ఆయన భుజం పట్టుకుని పైకి లేపింది.

"లెగు మావా, లెగు. తగువు తెగిపోనాది. రేపు బోట్లు ఎల్లాల. నానేటి అమ్ముకోను?"