అత్తగారిని వదలని కెమెరా

మా తరాజ్ పట్నం చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో పాతికేళ్ళుగా కొత్త కోడలి ముసుగెత్తే పాట నాది, ఫొటో సగిందిక్‌ది. నేను రెండు తీగల దొంబ్ర మీటుతూ చుట్టాల పేర్లు ఒక్కొక్కటే పాడతాను. పిల్ల వంగి సలాం చేస్తుంది. చివర్న కర్రతో ముసుగెత్తుతాను. ఆ క్షణం మళ్ళీ రాదు. సగిందిక్ ఒక్కసారీ తప్పలేదు.

లోపల అద్దం ఉండే అతని పాత కెమెరాకి ఒక రోగం ఉండేది. గురిపెట్టిన చోటికి బొటనవేలంత వెనకే బొమ్మ స్పష్టంగా పడేది. బాగుచేయించమంటే వింటేనా!

"ముక్కుకి గురిపెట్టు, కళ్ళు వాటంతటవే పడతాయి" అనేవాడు.

జిల్లానంతా ముక్కులు పట్టుకునే తీశాడు. చప్పిడి ముక్కు పెళ్ళికూతురంటే మాత్రం అతనికి హడల్.

కొడుకు పెళ్ళికి అద్దం లేని కొత్త కెమెరా కొన్నాడు. మనుషుల కళ్ళని అదే వెతుక్కుంటుంది. ఒక మొహం గుర్తుపెట్టుకోమంటే ఎంతమందిలో ఉన్నా ముందు దాన్నే పట్టుకుంటుంది. వారం రోజులు భార్య జిలికా మీద సాధన చేసి, ఆవిడ మొహమే దానికి నేర్పాడు. పెళ్ళినాటికి ఆ మొహాన్ని అందులోంచి తీసెయ్యడం మరిచాడు, మొద్దు!

జిలికా అంటే వీధి కుక్కలు కూడా దారిస్తాయి. "ఈ పిల్లకి పిండి కలపడమన్నా వచ్చా?" అని పెళ్ళిచూపుల్లోనే అనేసింది. అందుకే కోడలు అక్‌మరాల్ ముసుగులోంచి నన్నడిగింది:

"అగా, పెద్దయ్యా, అత్తమ్మ నన్ను దగ్గరికి రానిస్తుందంటారా?"

"నువ్వు కదలకుండా నిలబడమ్మా, ముందు ఫొటో పడనీ" అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ముసుగెత్తాక కోడలికి కట్టాల్సిన తెల్ల తలగుడ్డ పట్టుకుని జిలికా పిల్లకి అడుగు వెనగ్గా నిలబడింది. నేను ముసుగెత్తాను. సగిందిక్ అలవాటు కొద్దీ పిల్ల ముక్కుకే గురిపెట్టాడు. కెమెరా అతని మాట వింటేగా!

మర్నాడు టీ దగ్గర అందరం ఫొటోలు చూశాం. పెళ్ళికూతురు మీగడ మరకలా ఉంది. వెనక జిలికా మాత్రం వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది. పిల్లనే చూస్తూ, బుగ్గల మీదుగా ధారగా ఏడుస్తోంది. నలభై ఫొటోలూ అంతే.

సగిందిక్ నలభైనీ మళ్ళీ మొదట్నుంచీ తిప్పి చూశాడు.

"కొత్త కెమెరాని కూడా బెదిరించావటే?" అన్నాడు భార్యతో.

"పొద్దున ఉల్లిపాయలు తరిగాను" అంది జిలికా.

అక్‌మరాల్ కళ్ళు తుడుచుకుంది. "అత్తమ్మా, ఇదే పెద్దది చేయించి గోడకి పెట్టుకుంటాను."

"నీ మొహమే లేదు కదే అందులో!"

"మీది ఉంది కదా."

జిలికా నావైపూ కెమెరావైపూ గుర్రుగా చూసింది. కోడలి టీ గిన్నెలో ఇంకాస్త పాలు పోసింది.

"నోర్మూసుకుని తాగు. రేపట్నుంచి పిండి కలపడం నేర్పుతాను."