అవ్వ పుట్టినింటి గడి

నా పెళ్లి ఒకసారి కుదిరి ఆగిపోయింది. పిల్లవాడు నచ్చక కాదు. మక్తల్ అంగట్లో మా బాపు దగ్గర గొర్లు కొనడానికి వచ్చినప్పుడు చూశాను, చూడగానే నచ్చాడు. మాటలన్నీ అయిపోయాక పిల్లవాడి మేనమామ వచ్చి, మా అమ్మను పుట్టినింటి పేరు అడిగాడు. అమ్మ చెప్పింది. ఆయన మంచం మీంచి దిగ్గున లేచాడు.

"గదేంది! గది మా ఇంటిపేరే గదా! మా అక్క, నువ్వు ఒక్కింటి ఆడివిల్లలాయె. అక్కచెల్లెండ్ల పిల్లలకు లగ్గమేంది?"

అక్కాచెల్లెళ్ల పిల్లలంటే అన్నాచెల్లెళ్లే. మా వాళ్లలో అంతకు మించిన తప్పు లేదు. బాపు తల పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్నటిదాకా మొగుడనుకున్నవాణ్ని ఇవాళ అన్నా అని పిలవాలా? నా వల్ల కాదు.

వరుస తేల్చడానికి చుట్టాలందరూ కూర్చున్నారు. అబ్బ, మా వాళ్ల నోళ్లు! ఒకరు చెప్పేది ఒకరు వినరు. "మీరు చెప్పుండ్రి, నేను రాస్త" అన్నాను. ఉర్దూ బడి తెలుగు బడిగా మారిన కొత్తలో ఏడో తరగతి దాకా చదివినదాన్ని. పాత కేలండర్ వెనక వంశం గీశాను. మనిషికో కాగితం చింపాను. ఆడవాళ్లకు పుట్టినిల్లని ఒక గడి, అత్తగారిల్లని ఒక గడి. మగవాళ్లకు ఒకటే గడి, వాళ్లు ఎక్కడికీ పోరు కదా.

"దఫ్తర్ల పనికి కుదిరినవా ఏంది?" అని చిన్నాయన ఎగతాళి చేశాడు. పట్టించుకోలేదు.

పిల్లవాడి మేనమామ దగ్గరా అడిగి రాసుకున్నాను. కరువులో ఊరు విడిచి హుజూర్‌నగర్ వైపు పోయింది ఆయన తాత. ఆ కాగితం తీసుకుని మా అమ్మమ్మ దగ్గరికి పోయాను. మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. అప్పటిదాకా ఆమె "రాసుకొని ఏం జేస్తవే, ఊకో" అని తప్పించుకుంటూ వచ్చింది. నేను ఆ తాత పేరు చదివి వినిపించగానే మాత్రం ముఖం వెలిగిపోయింది.

"మా చిన్నాయిననే గాయిన! నన్ను సంకనెత్తుకొని తిప్పెటోడు."

రాయబోయి ఆగాను. ఆయన అవ్వకు చిన్నాయన అయితే, ఆ ఇంటిపేరు అవ్వ పుట్టినింటిది. మరి అవ్వ పెనిమిటి, మా తాతదీ అదే ఇంటిపేరని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నామే! అవ్వ కాగితంలో రెండు గళ్లలోనూ ఒకే ఇల్లు.

"అవ్వా, గట్లెట్లయితది? ఒక్కింటోళ్లు లగ్గం చేసుకున్నరా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాటునుంచే చెప్పింది.

"మీ తాత మా ఇంట్లనే ఉండే అల్లుడాయె, ఇల్లుటం వచ్చిండే. మా నాయినకు కొడుకులు లేకుండిరి. అత్తగారింట్ల పడి తింటుండని ఊరంత నవ్విరి. మీ తాత అన్నం ముంగట కూసొని ఏడ్చిండు. ఇద్దరం గొర్లను తోలుకొని ఈ ఊరికొచ్చినం. ఆయన ఇంటిపేరు చెప్తే ఇల్లుటపోడని గుర్తువడ్తరని, ఈడ అడిగినోళ్లకు మా నాయిన ఇంటిపేరే ఆయనదని చెప్పిన. మల్ల ఎవ్వరు నవ్వలే."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కేలండర్ మీద ఆ ఇంటి నుంచి తాతకు గీసిన గీత చెరిపి, అవ్వను ఆ ఇంటి బిడ్డగా రాశాను. చిన్నాయన కొడుకు అవ్వకు తమ్ముడు, పిల్లవాడి తల్లి ఆ తమ్ముడి కూతురు. అంటే ఆమె, మా అమ్మ అక్కాచెల్లెళ్లు కారు, వదినా మరదళ్లు! వాళ్ల పిల్లలకు పెళ్లి నిక్షేపంగా చేయవచ్చు. హమ్మయ్య! గుండెల మీంచి బండ దిగినట్టయింది.

కాగితం నేను చూపిస్తానన్నా అవ్వ ఒప్పుకోలేదు. తానే మేనమామ ముందుకు పోయి, అందరూ వింటుండగా, "నా పెనిమిటి ఇల్లుటపు అల్లుడు. ఆయన ఇంటిపేరు వేరే" అన్నది. ఒక్కరూ నవ్వలేదు.

మేనమామ పెద్దగా ఊపిరి వదిలాడు. "నువ్వు మాకు మేనత్తవా! ముందుగాల చెప్తే గింత ఫికర్ లేకపోవు గదనే అత్తా" అని ఆమె కాళ్లకు మొక్కాడు.

అవ్వ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "గిన్నేండ్లు మీ తాతను ఇంకోలింటోన్ని చేస్తి. గిప్పుడు సక్కగ రాయి బిడ్డా" అని ఆయన ఇంటిపేరు చెప్పింది.

పక్కన నిలబడ్డ మా అమ్మ, "గది నాదా అమ్మా?" అని అడిగి, కొత్తగా మాటలు నేర్చిన పిల్లలా దాన్ని మెల్లగా పలికి చూసుకుంది.